చెక్కు కేసు గైర్హాజరుపై కొట్టివేతకు గురైనచో ఫిర్యాదుదారునకు గల అప్పీలు హక్కు, గడువులు

ప్రత్యేక వ్యాసం

వాడపల్లి: కోనసీమ ప్రాంతంలో వ్యవసాయ, వాణిజ్య లావాదేవీలలో అధిక భాగం నమ్మకంపైనే ఆధారపడి సాగుతున్నాయి. ఆత్రేయపురం మండలం వాడపల్లి పరిసర గ్రామాలలో కొబ్బరి దింపు తీసిన రైతు, అరటి గెలలు మార్కెట్టుకు తరలించిన కౌలుదారు, పూతరేకులు తయారు చేసి టోకు వ్యాపారులకు అందించే మహిళలు సరుకు ముందుగా ఇచ్చి, సొమ్ము తరువాత తీసుకోవడం పరిపాటి. ఆ సొమ్ముకు హామీగా చేతికి వచ్చేది తరచుగా ఒక చెక్కు మాత్రమే. ఆ చెక్కు బ్యాంకు నుండి చెల్లకుండా తిరిగి వచ్చినపుడు న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చునన్న అవగాహన ప్రజలలో బాగా పెరిగింది. అయితే కోర్టులో వేసిన ఫిర్యాదు ఒక వాయిదాకు హాజరు కాలేదన్న కారణంతో కొట్టివేతకు గురైనచో ఏమి చేయవలెనన్న విషయంలో మాత్రం అవగాహన కొరవడుతున్నది. అదే కోర్టులో మరల దరఖాస్తు పెట్టుకుంటే కేసు తిరిగి తెరుస్తారన్న అపోహతో కాలయాపన చేసి, అప్పీలు గడువును కోల్పోయేవారు లేకపోలేదు. ఈ విషయంలో చట్టం నిర్దేశించిన మార్గాలను, 2024, 2025 సంవత్సరాలలో వచ్చిన ముఖ్యమైన మార్పులను వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

చట్ట నేపథ్యం

చెక్కులు, ప్రామిసరీ నోట్లు, హుండీలకు సంబంధించిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు చెల్లకపోవడాన్ని నేరంగా పరిగణించే 138వ సెక్షన్‌ను 1988 సవరణ ద్వారా ఈ చట్టంలో చేర్చగా, అది 1989 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 2002 సవరణ ద్వారా గరిష్ఠ శిక్షను ఏడాది నుండి రెండేళ్ల జైలుకు పెంచారు. చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా విధించే అధికారం కూడా కోర్టుకు ఉన్నది. 2015 సవరణ ప్రకారం, చెక్కును తన ఖాతాలో జమ చేసిన వ్యక్తి ఆ ఖాతా గల బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉన్నదో ఆ కోర్టులోనే ఫిర్యాదు దాఖలు చేయవలసి ఉంటుంది. అందువలన చెక్కు ఇచ్చిన వ్యాపారి ఏ ఊరివాడైనప్పటికీ, రైతు తన ఖాతా ఉన్న ప్రాంతపు కోర్టులోనే న్యాయం కోరే వెసులుబాటు కలిగింది.

ఫిర్యాదుకు ముందు పాటించవలసిన గడువులు ఖచ్చితమైనవి. చెక్కుపై వేసిన తేదీ నుండి మూడు నెలలలోగా దానిని బ్యాంకులో దాఖలు చేయాలి. చెక్కు తిరిగి వచ్చినట్లు బ్యాంకు నుండి సమాచారం అందిన 30 రోజులలోగా, సొమ్ము చెల్లించవలసిందిగా చెక్కు ఇచ్చిన వ్యక్తికి లిఖితపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజులలోగా ఆ వ్యక్తి సొమ్ము చెల్లించనిచో, ఆ తరువాత ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. తగిన కారణం చూపగలిగితే ఫిర్యాదు దాఖలులో జరిగిన జాప్యాన్ని క్షమించే అధికారం 2002 సవరణ ద్వారా కోర్టుకు సంక్రమించింది.

దేశవ్యాప్తంగా ఈ కేసుల భారం ఎంతటిదో సుప్రీంకోర్టు రికార్డులే తెలుపుతున్నాయి. 2019 డిసెంబరు 31 నాటికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసులలో 35.16 లక్షల కేసులు 138వ సెక్షన్ కింద దాఖలైనవేనని, 2021 ఏప్రిల్‌లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వులలో ప్రస్తావించారు. కేసులు ఇంతగా పేరుకున్నపుడు వాయిదాల సంఖ్య పెరుగుతుంది. వాయిదాలు పెరిగిన కొద్దీ ఏదో ఒక వాయిదాకు ఫిర్యాదుదారు హాజరు కాలేకపోయే అవకాశం కూడా పెరుగుతుంది.

గైర్హాజరుపై కొట్టివేత అనగానేమి?

138వ సెక్షన్ కింద విధించదగిన శిక్ష రెండేళ్లకు మించదు గనుక ఇది సమన్ల కేసుగా పరిగణింపబడుతుంది. సమన్ల కేసులో ఫిర్యాదుదారు గైర్హాజరును గురించి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 256వ సెక్షన్ వివరిస్తున్నది. నిందితునికి సమన్లు జారీ అయిన తరువాత, నిందితుడు హాజరు కావలసిన రోజున గాని, కేసు వాయిదా పడిన మరే రోజున గాని ఫిర్యాదుదారు హాజరు కానిచో, మేజిస్ట్రేటు నిందితుని నిర్దోషిగా విడుదల చేయాలని, లేదా తగిన కారణం ఉన్నదని భావిస్తే కేసును మరొక రోజుకు వాయిదా వేయవచ్చునని ఈ సెక్షన్ చెబుతున్నది. ఫిర్యాదుదారు తరఫున న్యాయవాది హాజరైనపుడు, లేదా ఫిర్యాదుదారు స్వయంగా రావలసిన అవసరం లేదని మేజిస్ట్రేటు భావించినపుడు, ఆయన హాజరును మినహాయించి విచారణ కొనసాగించే వీలు కూడా ఇదే సెక్షన్‌లో ఉన్నది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటున్నది. కోర్టు వ్యవహారంలో దీనిని డిఫాల్టులో కొట్టివేత అని వాడుక చేసినప్పటికీ, చట్టం దృష్టిలో దాని ఫలితం నిందితుని నిర్దోషిత్వ ప్రకటనయే. చెక్కు నిజమా కాదా, అప్పు ఉన్నదా లేదా అన్న అంశాలను కోర్టు పరిశీలించకపోయినా, కేసు నిర్దోషి తీర్పుతో ముగిసినట్లే లెక్క. ఈ కారణం చేతనే అదే చెక్కుపై అదే వ్యక్తిపై మరల కొత్త ఫిర్యాదు వేయుటకు చట్టం అంగీకరించదు. ఒకసారి నిర్దోషిగా విడుదలైన వ్యక్తిని అదే నేరానికి మరల విచారించరాదన్న సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. పైగా మొదటి నోటీసు నుండి లెక్కించవలసిన ఫిర్యాదు గడువు కూడా అప్పటికే ముగిసిపోయి ఉంటుంది.

2024 జూలై 1 నుండి మార్పు

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. పాత 256వ సెక్షన్ స్థానంలో వచ్చిన 279వ సెక్షన్‌లో ఫిర్యాదుదారులకు మేలు చేసే ఒక మార్పు జరిగింది. ఫిర్యాదుదారు గైర్హాజరైన వెంటనే నిందితుని విడుదల చేయకుండా, హాజరగుటకు 30 రోజుల వ్యవధి ఇచ్చిన తరువాతనే ఆ చర్య తీసుకోవాలని కొత్త సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఈ వ్యవధి ఇవ్వకుండానే కేసు కొట్టివేసినచో, అదొక్కటే అప్పీలులో బలమైన కారణం కాగలదు. అయితే 2024 జూలై 1 నాటికి పెండింగులో ఉన్న విచారణలు పాత కోడ్ ప్రకారమే కొనసాగుతాయని సంహితలోని 531వ సెక్షన్ స్పష్టం చేస్తున్నందున, తమ ఫిర్యాదు ఏ తేదీన దాఖలైనదో ఫిర్యాదుదారులు ముందుగా సరిచూసుకోవాలి.

ఒక ఉదాహరణ

విషయం సులభంగా అవగతమగుటకు ఒక ఊహాజనిత ఉదాహరణను పరిశీలించవచ్చు. వాడపల్లికి చెందిన ఒక కొబ్బరి రైతు రెండు దింపుల కాయలను ఒక వ్యాపారికి విక్రయించగా, ఆ వ్యాపారి 1,80,000 రూపాయలకు చెక్కు ఇచ్చాడనుకొందాం. ఖాతాలో తగిన నిల్వ లేదన్న మెమోతో చెక్కు తిరిగి వచ్చింది. రైతు గడువులోగా నోటీసు పంపి, 2023లో ఫిర్యాదు దాఖలు చేశాడు. నిందితుడు హాజరైనాడు. రైతు తన సాక్ష్యాన్ని ప్రమాణ పత్రం రూపంలో సమర్పించి, అసలు చెక్కును, బ్యాంకు మెమోను, నోటీసు నకలును కోర్టుకు అందజేశాడు. క్రాస్ ఎగ్జామినేషన్ నిమిత్తం కేసు జనవరి 5కు వాయిదా పడగా, న్యాయవాది గుమాస్తా పుస్తకంలో ఆ తేదీని జనవరి 15గా వ్రాసుకున్నాడు. జనవరి 5న రైతు గాని, న్యాయవాది గాని కోర్టులో లేరు. కేసును మూడుసార్లు పిలిచిన అనంతరం మేజిస్ట్రేటు దానిని కొట్టివేసి నిందితుని విడుదల చేశారు. జనవరి 15న కోర్టుకు వెళ్లిన తరువాతనే రైతుకు ఈ విషయం తెలిసింది.

పెరటి చెట్ల ఆదాయంపై ఏడాది పొడవునా ఆధారపడే కుటుంబానికి ఈ మొత్తం చిన్నది కాదు. ఎరువుల దుకాణం బాకీ, దింపు కూలీ, పిల్లల చదువు అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. తేదీ వ్రాసుకోవడంలో జరిగిన ఒక్క పొరపాటు వలన ఆ సొమ్ముపై ఆశ వదులుకోవలసిన అవసరం చట్టప్రకారం లేదు. అయితే తదుపరి చర్య సరియైన కోర్టులో, సరియైన గడువులో జరగవలెను.

అదే కోర్టు తిరిగి తెరవగలదా?

ఇటువంటి సందర్భాలలో చాలామంది మొదట చేసే పని, అదే మేజిస్ట్రేటు కోర్టులో కేసును పునరుద్ధరించవలసిందిగా పిటిషన్ వేయడం. సివిల్ దావా డిఫాల్టులో కొట్టివేతకు గురైనపుడు అదే కోర్టు దానిని పునరుద్ధరించే అవకాశం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండుటయే ఈ అపోహకు కారణం. క్రిమినల్ కేసులలో ఆ అధికారం మేజిస్ట్రేటుకు లేదు. డిఫాల్టులో కొట్టివేసిన ఫిర్యాదును తిరిగి చేపట్టే సహజాధికారం మేజిస్ట్రేటుకు లేదని సుప్రీంకోర్టు 1986లోనే స్పష్టం చేసింది. సంతకం చేసిన తీర్పును, లేఖన దోషాలను సరిదిద్దుటకు తప్ప, అదే కోర్టు మార్చరాదని పాత కోడ్‌లోని 362వ సెక్షన్, కొత్త సంహితలోని 403వ సెక్షన్ చెబుతున్నాయి. కావున పునరుద్ధరణ పిటిషన్‌పై వెచ్చించే ప్రతి రోజూ అప్పీలు గడువులో నుండి తరిగిపోయే రోజేనని గ్రహించాలి.

కేసు ఏ దశలో కొట్టివేతకు గురైనది?

సరియైన మార్గాన్ని ఎంచుకొనుటకు ముందు, కేసు ఏ దశలో ముగిసినదో తెలిసికొనుట అవసరం.

మొదటిది, నిందితునికి సమన్లు జారీ కాకముందే ఫిర్యాదు కొట్టివేతకు గురైన సందర్భం. అప్పటికి 256వ సెక్షన్ గాని, 279వ సెక్షన్ గాని వర్తించవు గనుక అది నిర్దోషి తీర్పు కాదు. దీనిపై అప్పీలు కాక, సెషన్స్ కోర్టులో గాని హైకోర్టులో గాని రివిజన్ దాఖలు చేయాలి. రివిజన్‌కు గడువు 90 రోజులు.

రెండవది, సమన్ల నిమిత్తం చెల్లించవలసిన ప్రాసెస్ ఫీజు చెల్లించనందున ఫిర్యాదు కొట్టివేతకు గురైన సందర్భం. పాత కోడ్‌లోని 204వ సెక్షన్, సంహితలోని 227వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఈ అధికారం ఇస్తున్నాయి. ఇది కూడా నిర్దోషి తీర్పు కాదు గనుక దీనికీ రివిజన్ మార్గమే వర్తిస్తుంది.

మూడవది, సమన్లు జారీ అయిన తరువాత ఫిర్యాదుదారు గైర్హాజరు కారణంగా నిందితుడు విడుదలైన సందర్భం. ఆచరణలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి పరిష్కారం అప్పీలు. అప్పీలుకు అవకాశం ఉన్నచోట, అప్పీలు చేయకుండా రివిజన్ వేయుటకు వీలు లేదు. కొట్టివేత ఉత్తర్వులో ఏ సెక్షన్ పేర్కొన్నారన్నది ఈ దశను గుర్తించుటకు తోడ్పడుతుంది.

హైకోర్టులో ప్రత్యేక అనుమతి మార్గం

ఫిర్యాదుపై నడిచిన కేసులో నిందితుడు నిర్దోషిగా విడుదలైనపుడు, హైకోర్టు ప్రత్యేక అనుమతితో ఫిర్యాదుదారు అప్పీలు చేయవచ్చునని పాత కోడ్‌లోని 378వ సెక్షన్ నాలుగవ ఉపసెక్షన్, సంహితలోని 419వ సెక్షన్ పేర్కొంటున్నాయి. ఈ అనుమతి కోరే దరఖాస్తును తీర్పు తేదీ నుండి 60 రోజులలోగా దాఖలు చేయాలి. ఫిర్యాదుదారు ప్రభుత్వోద్యోగి అయినచో ఆరు నెలల గడువు ఉంటుంది. గడువు దాటినపుడు తగిన కారణం చూపి, లిమిటేషన్ చట్టంలోని 5వ సెక్షన్ కింద జాప్యాన్ని క్షమించవలసిందిగా కోరవచ్చు.

చట్టరీత్యా ఈ మార్గం సక్రమమైనదే అయినా, చిన్న మొత్తాల ఫిర్యాదుదారులకు ఇది భారమే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1న అమరావతి కేంద్రంగా ఏర్పడింది. అంతకు ముందు కోనసీమ ఫిర్యాదుదారు హైదరాబాదు వరకు వెళ్లవలసి వచ్చేది. దూరం తగ్గినప్పటికీ, యాభై వేల రూపాయల చెక్కు కోసం హైకోర్టులో న్యాయవాదిని నియమించుకొని, మొదట అనుమతి పొంది, ఆ పిదప అప్పీలు నడుపుట సామాన్యునకు వ్యయప్రయాసలతో కూడిన పని. కొట్టివేత ఉత్తర్వు అన్యాయమని తెలిసి కూడా అనేకులు మిన్నకుండుటకు ఈ భారమే ప్రధాన కారణంగా ఉండేది.

2025 సుప్రీంకోర్టు తీర్పు

ఈ పరిస్థితిని 2025లో సుప్రీంకోర్టు మార్చివేసింది. సెలెస్టియం ఫైనాన్షియల్ సంస్థ దాఖలు చేసిన అప్పీలులో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మలతో కూడిన ధర్మాసనం, చెక్కు కేసులోని ఫిర్యాదుదారు కేవలం ఫిర్యాదుదారు మాత్రమే కాదని, చెక్కు చెల్లనందున ఆర్థికంగా నష్టపోయిన బాధితుడు కూడా అని నిర్ణయించింది. 2008 సవరణ ద్వారా పాత కోడ్‌లోని 372వ సెక్షన్‌కు చేర్చి, 2009 డిసెంబరు 31 నుండి అమలులోకి తెచ్చిన నిబంధన ప్రకారం, నిందితుని విడుదల చేసిన ఉత్తర్వుపై అప్పీలు చేసే హక్కు బాధితునికి ఉన్నది. ఆ హక్కును చెక్కు కేసు ఫిర్యాదుదారు కూడా వినియోగించుకోవచ్చునని, అందుకు ప్రత్యేక అనుమతి అవసరం లేదని ధర్మాసనం తేల్చి చెప్పింది. కొత్త సంహితలో ఇదే హక్కు 413వ సెక్షన్‌లో ఉన్నది.

ఈ తీర్పు ఫలితం సామాన్య ఫిర్యాదుదారునకు రెండు విధాలుగా మేలు చేసేది. మొదటిది, అనుమతి అనే మొదటి మెట్టు తొలగిపోయింది. రెండవది, ఈ అప్పీలు, శిక్ష పడినచో నిందితుడు ఏ కోర్టుకు అప్పీలు చేసుకొనునో ఆ కోర్టుకే వెళ్తుంది. మేజిస్ట్రేటు తీర్పుపై అప్పీలు సాధారణంగా సెషన్స్ కోర్టుకు ఉంటుంది గనుక, ఫిర్యాదుదారు తన ప్రాంతంపై అధికార పరిధి గల సెషన్స్ కోర్టులోనే న్యాయం కోరవచ్చు. పై ఉదాహరణలోని రైతు అమరావతికి ప్రయాణం కట్టవలసిన అవసరం లేకుండా పోయింది.

బాధితుని అప్పీలుకు ఆ నిబంధనలో ప్రత్యేకంగా గడువు పేర్కొనలేదు. కావున గడువు విషయంలో వివాదానికి తావివ్వకుండా, కొట్టివేత జరిగిన 30 రోజులలోగానే అప్పీలు దాఖలు చేయుట శ్రేయస్కరం. ఏదేని కారణంచే ఆలస్యమైనచో, జాప్యాన్ని క్షమించవలసిందిగా కోరే దరఖాస్తును అప్పీలుతో పాటే జతపరచాలి.

గడువు లెక్కించు విధానం

ధృవీకృత నకలు కోసం దరఖాస్తు చేసిన తేదీ నుండి నకలు సిద్ధమైన తేదీ వరకు పట్టిన కాలాన్ని గడువు లెక్కలో నుండి మినహాయించుటకు లిమిటేషన్ చట్టంలోని 12వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. పై ఉదాహరణలో రైతు హైకోర్టు మార్గాన్నే ఎంచుకున్నాడనుకొన్నచో, జనవరి 5 నాటి ఉత్తర్వుపై 60 రోజుల గడువు, ఫిబ్రవరికి 28 రోజులున్న సంవత్సరంలో, మార్చి 6తో ముగుస్తుంది. జనవరి 16న నకలుకు దరఖాస్తు చేయగా జనవరి 25న అది సిద్ధమైతే, ఆ 10 రోజులు కలిసి వచ్చి గడువు మార్చి 16 వరకు ఉంటుంది. నకలు సిద్ధమైన తరువాత ఫిర్యాదుదారు దానిని తీసుకొనకుండా జాప్యం చేసిన రోజులు మాత్రం ఈ మినహాయింపులోకి రావు. అందుచేత కొట్టివేత సంగతి తెలిసిన రోజుననే నకలుకు దరఖాస్తు చేయుట మొదటి కర్తవ్యం.

అప్పీలులో పరిశీలనకు వచ్చు అంశాలు

గైర్హాజరు అయినంత మాత్రాన కేసు కొట్టివేయుట తప్పనిసరి కాదని ఉన్నత న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీ కేసులో 1997 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, నిందితుని విడుదల చేసే ముందు మేజిస్ట్రేటు రెండు విషయాలను ఆలోచించవలెనని పేర్కొన్నది. ఆ రోజున ఫిర్యాదుదారు స్వయంగా హాజరు కావలసిన అవసరం నిజంగా ఉన్నదా అన్నది మొదటిది. కేసును మరొక రోజుకు వాయిదా వేయుటకు పరిస్థితులు అనుకూలిస్తాయా అన్నది రెండవది. ఈ విచక్షణను న్యాయసమ్మతంగా వినియోగించవలెనన్నది ఆ తీర్పు సారాంశం.

ఒకే ఒక్క వాయిదాకు హాజరు కానందున చెక్కు కేసును కొట్టివేసిన మరొక ఉదంతంలో, వాయిదా తేదీని తప్పుగా వ్రాసుకున్నందున రాలేకపోయానన్న ఫిర్యాదుదారు వివరణను సుప్రీంకోర్టు 2002లో అంగీకరించి, కేసును పునరుద్ధరించింది. పై ఉదాహరణలోని రైతు పరిస్థితికి ఈ తీర్పు అత్యంత సన్నిహితమైనది. ఫిర్యాదుదారు సాక్ష్యం ముగిసి, నిందితుని తరఫు సాక్ష్యం కోసం కేసు నిలిచిన దశలో ఫిర్యాదుదారు హాజరు తప్పనిసరి కాదని, అటువంటి దశలో రికార్డులో ఉన్న సాక్ష్యం ఆధారంగా కేసును నిర్ణయించవచ్చునని 2008లో వెలువడిన మరొక తీర్పు తెలుపుతున్నది.

గైర్హాజరుకు చూపే కారణం వాస్తవమైనదిగా, ఆధారంతో కూడినదిగా ఉండాలి. ఆసుపత్రిలో చేరినచో డిశ్చార్జి పత్రం, తేదీ పొరపాటు జరిగినచో న్యాయవాది డైరీ పుట నకలు లేదా గుమాస్తా ప్రమాణ పత్రం, కుటుంబంలో మరణం సంభవించినచో ధృవీకరణ పత్రం జతచేయాలి. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో వరదలు కూడా ఒక వాస్తవ కారణమే. 2022 జూలైలో ధవళేశ్వరం ఆనకట్ట వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అయి, లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్న రోజులు ఇందుకు నిదర్శనం. అటువంటి సందర్భాలలో గ్రామ రెవెన్యూ అధికారి ఇచ్చే ధృవీకరణ పత్రం అప్పీలుకు బలం చేకూర్చగలదు. కాగా, వరుసగా పలు వాయిదాలకు ఏ కారణం చూపకుండా గైర్హాజరైన ఫిర్యాదుదారునకు కోర్టుల నుండి సానుభూతి లభించుట కష్టం. కేసు నడిపించే శ్రద్ధ ఉన్నదని పూర్వపు వాయిదాల హాజరు పట్టిక ద్వారా చూపగలిగినవారికే ఉపశమనం సులభంగా లభిస్తుంది.

జతపరచవలసిన పత్రాలు

అప్పీలుతో పాటు కొట్టివేత ఉత్తర్వు ధృవీకృత నకలు, అన్ని వాయిదాల వివరాలు గల డాకెట్ షీటు నకలు, ఫిర్యాదు నకలు, చెక్కు, బ్యాంకు మెమో, నోటీసు, తపాలా రశీదుల నకళ్లు, గైర్హాజరు కారణాన్ని వివరించే ప్రమాణ పత్రం, దానికి ఆధారాలు, అవసరమైనచో జాప్య క్షమాపణ దరఖాస్తు దాఖలు చేయాలి. చట్టంలోని 148వ సెక్షన్ కింద కనీసం 20 శాతం సొమ్ము జమ చేయమని కోర్టు ఆదేశించగలుగుట, శిక్ష పడి అప్పీలు చేసుకొనే నిందితుని విషయంలోనేనని, ఫిర్యాదుదారుకు ఈ నిబంధన వర్తించదని గమనించాలి.

అప్పీలు అంగీకరించినచో అప్పీలు కోర్టు కొట్టివేత ఉత్తర్వును రద్దు చేసి, కేసును ఆగిన దశ నుండి కొనసాగించవలసిందిగా మేజిస్ట్రేటు కోర్టుకు పంపగలదు. నిందితునికి కలిగిన అసౌకర్యానికి కొంత ఖర్చు చెల్లించవలెనన్న షరతు విధించే అవకాశం కూడా ఉన్నది. అప్పీలు గెలిచినంత మాత్రాన సొమ్ము వచ్చినట్లు కాదని, ఫిర్యాదుదారునకు తన కేసును నిరూపించుకొనే అవకాశం మాత్రమే తిరిగి లభించినదని గుర్తుంచుకోవాలి.

ఇతర మార్గాలు

చెక్కు వెనుక ఉన్న బాకీని రాబట్టుకొనుటకు సివిల్ దావా మార్గం వేరుగా ఉన్నది. క్రిమినల్ ఫిర్యాదు గైర్హాజరుపై ముగిసినంత మాత్రాన ఆ హక్కు పోదు. అయితే సొమ్ము బాకీ దావాలకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. క్రిమినల్ కేసు వాయిదాలలోనే ఆ మూడేళ్లు గడిచిపోయే ప్రమాదం ఉన్నందున, ఈ విషయమై న్యాయవాదితో ముందుగానే చర్చించుట మంచిది.

చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం చెక్కు కేసులలో ఏ దశలోనైనా రాజీకి అవకాశం ఉన్నది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమని, దానిని అమలు పరచుకోవచ్చునని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వైపరీత్యాల వలన నష్టపోయినవారు, నిర్ణీత పరిమితి కంటె తక్కువ ఆదాయం గలవారు కూడా ఈ సహాయం పొందవచ్చు. ఇందుకు మండల న్యాయసేవాధికార కమిటీని గాని, 15100 నంబరు గల జాతీయ సహాయ కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు.

ముందు జాగ్రత్తలు

ప్రతి కేసుకు 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఈ నంబరు తెలిసి ఉన్నచో ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గాని, మొబైల్ యాప్‌లో గాని తదుపరి వాయిదా తేదీని ఎవరికి వారే చూసుకోవచ్చు. గుమాస్తా పుస్తకంపైననే పూర్తిగా ఆధారపడవలసిన అవసరం ఇప్పుడు లేదు. రాలేని పరిస్థితి ముందుగా తెలిసినచో, హాజరు మినహాయింపు కోరుతూ న్యాయవాది ద్వారా పిటిషన్ వేయించాలి. ఫిర్యాదుదారు మరణించినచో వారసులు వెంటనే కోర్టును ఆశ్రయించి కేసును కొనసాగించుటకు అనుమతి కోరాలి.

సహకార సంఘాలు, బ్యాంకులు, మార్కెట్ కమిటీలు దాఖలు చేసిన కేసులలో, అధికార పత్రం పొందిన ఉద్యోగి బదిలీ అయినపుడు లేదా పదవీ విరమణ చేసినపుడు కేసులను పట్టించుకొనువారు లేక అవి కొట్టివేతకు గురికావచ్చు. బదిలీపై వెళ్లే అధికారి పెండింగు కేసుల జాబితాను, వాయిదా తేదీలతో సహా, బాధ్యతలు స్వీకరించే అధికారికి లిఖితపూర్వకంగా అప్పగించుట, కొత్త అధికార పత్రాన్ని తదుపరి వాయిదాలోగా కోర్టులో దాఖలు చేయుట అవసరం.

పత్రికా ప్రతినిధులు ఇటువంటి కేసులను గురించి వ్రాయునపుడు, గైర్హాజరుపై జరిగిన విడుదలకు, సాక్ష్యాలను పరిశీలించి ఇచ్చిన నిర్దోషి తీర్పునకు గల తేడాను పాఠకులకు తెలియజేయుట ఉచితం. మొదటి దానిలో బాకీ లేదని కోర్టు నిర్ణయించినట్లు కాదు. అదే సమయంలో, అప్పీలు తేలే వరకు చట్టం దృష్టిలో నిందితుడు నిర్దోషియేనన్న వాస్తవాన్ని కూడా విస్మరించరాదు.

ఒక వాయిదా తప్పినందున న్యాయం తప్పిపోరాదన్నదే ఈ నిబంధనల సారాంశం. చెక్కు తిరిగి వచ్చిన రోజున తీసుకున్న శ్రద్ధనే, కేసు కొట్టివేతకు గురైన రోజున కూడా తీసుకొని, నకలు కోసం వెంటనే దరఖాస్తు చేసి, గడువులోగా సరియైన కోర్టును ఆశ్రయించిన ఫిర్యాదుదారునకు తన మాట వినిపించుకొనే అవకాశం తప్పక లభిస్తుంది. ఈ సమాచారం గ్రామస్థాయి వరకు చేరునట్లు గ్రామ సచివాలయాల సిబ్బంది, సహకార సంఘాల అధికారులు, పత్రికా ప్రతినిధులు తోడ్పడవలసి ఉన్నది.